మెలనూరస్ రాస్ పెంపకం: ముందు పడక, తరువాతే చేప

రాస్ అనే రంగురంగుల సముద్రపు చేపను అందరమూ పగటిపూట చూసి కొంటాం. దుకాణంలో దీపాల కింద అది తిరుగుతూ ఉంటుంది. ఆకుపచ్చని ఒంటి నిండా నారింజ, గులాబీ, నీలం గీతలు, ముఖం మీద మెలికల ముగ్గు వేసినట్టు చారలు. ఒక్క క్షణం కుదురుగా ఉండదు. ప్రతి రాయి సందులోనూ తొంగిచూస్తుంది, ఒక కన్ను ఇటు, ఒక కన్ను అటు తిప్పుతుంది. మనసు పారేసుకుని సంచిలో వేయించుకుని ఇంటికి తెచ్చేస్తాం. అది బతుకుతుందా లేదా అన్నది మాత్రం రాత్రిపూట తేలుతుంది.

నేను తెచ్చిన మొదటి రాస్ పదకొండు రోజులు ఉంది. నీటి పరీక్షలన్నీ సరిగ్గానే చేశాను, ఖరీదైన మేత తెచ్చాను. వైరు కోసం మూతలో వదిలిన రెండు వేళ్ల సందును మాత్రం పట్టించుకోలేదు. పన్నెండో రోజు ఊడుస్తుంటే స్టాండు వెనక ఎండిపోయి దొరికింది. ఆ తరువాత చాలా ఏళ్లుగా ఇంట్లో రాస్‌లు ఉంటూనే ఉన్నాయి. మొదట్లో ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేదనిపించిన సంగతులనే ఇక్కడ రాస్తున్నాను. ఉప్పునీటి అక్వేరియం కొత్తగా పెట్టాలనుకునేవారినీ, ఇప్పటికే రీఫ్ ట్యాంకు, అంటే పగడాలు పెంచే తొట్టె ఉండి అందులో రాస్‌ను చేర్చాలనుకునేవారినీ దృష్టిలో పెట్టుకున్నాను.

ఏ రాస్ కొనాలి?

రాస్ అనేది ఒక్క చేప పేరు కాదు, 500కు పైగా జాతులున్న పెద్ద కుటుంబం. వేలెడంత చేపలూ ఇందులోవే, రెండు మీటర్లు దాటే నెపోలియన్ రాస్ కూడా ఇందులోదే. అంతరించే ప్రమాదమున్న జీవుల వ్యాపారాన్ని అదుపుచేసే అంతర్జాతీయ ఒప్పందం సైటీస్. దాని రెండో అనుబంధంలో ఆ నెపోలియన్ రాస్‌ను 2004లో చేర్చారు. దాని పిల్లను ఎవరైనా అమ్మజూపితే మారుమాట లేకుండా వెనక్కి తిరగండి.

పెంచేవారికి పనికొచ్చే విభజన ఒకటుంది: ఈ చేప రాత్రి ఎక్కడ పడుకుంటుంది? హాలికోరెస్, కోరిస్, అనాంప్సెస్, మాక్రోఫారింగోడాన్ ప్రజాతుల రాస్‌లు చీకటి పడగానే ఇసుకలో దూరిపోతాయి. ఫెయిరీ రాస్, ఫ్లాషర్ రాస్, సిక్స్‌లైన్ రాస్ రాళ్ల సందుల్లో చేరి, తమ చుట్టూ జిగురు పొర అల్లుకుని అందులో నిద్రపోతాయి. ఈ ఒక్క తేడా తెలియకపోవడం వల్లే అడుగున ఇసుక లేని తొట్టెల్లోకి ఇసుక రాస్‌లు వెళ్తున్నాయి.

మొదటిసారి పెంచేవారికి నా సలహా మెలనూరస్ రాస్. దీని శాస్త్రీయ నామం హాలికోరెస్ మెలనూరస్. గ్రీకులో మెలనూరస్ అంటే నల్లతోకది అని అర్థం. జపాన్ దక్షిణాన ఉన్న ర్యూక్యూ దీవుల నుంచి ఆస్ట్రేలియా గ్రేట్ బ్యారియర్ రీఫ్, సమోవా వరకు పశ్చిమ పసిఫిక్‌లో ఉంటుంది. పూర్తిగా పెరిగితే సుమారు 12 సెంటీమీటర్లు. పగడాల జోలికి పోదు, మేతకు త్వరగా అలవాటు పడుతుంది, చిన్నచిన్న పొరపాట్లను తట్టుకుంటుంది. పసుపుపచ్చని కేనరీ రాస్ దీనికి దగ్గరి చుట్టమే. ఈ వ్యాసంలోని విషయాలన్నీ దానికీ వర్తిస్తాయి.

సిక్స్‌లైన్ చిన్నదీ, అందమైనదీ, చవకైనదీ. నేను మాత్రం వద్దనే అంటాను. తొట్టెలో కుదురుకున్నాక, తరువాత వచ్చిన ప్రతి చేపనూ తరిమితరిమి కొడుతుంది. లెపర్డ్ రాస్ తొలిసారి పెంచేవారి చేతిలో తిండి తినక కృశించిపోతుంది. నీలం చారల క్లీనర్ రాస్ సంగతి ఇంకా జాలి కలిగిస్తుంది. అది పెద్ద చేపల ఒంటిమీది పరాన్నజీవులను ఏరుకుని తిని బతికే చేప. మన తొట్టెలో ఉండే నాలుగు చేపలు దాని ఆకలి తీర్చలేవు. అద్దంలో కనిపించేది తన రూపమేనని గుర్తించినట్టుగా ఇది ప్రవర్తించిందని జపాన్ శాస్త్రవేత్తలు 2019లో ప్రకటించారు. అంత తెలివైన ప్రాణిని ఆకలితో మాడ్చడానికి ఇంటికి తేవడమెందుకు?

తొట్టె

మెలనూరస్ నిలకడగా ఉండే చేప కాదు. రోజంతా ఈదుతుంది. అందుకే ఎత్తు కంటే పొడవు ముఖ్యం. 120 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు, 45 ఎత్తు ఉన్న తొట్టెలో సుమారు 240 లీటర్లు పడతాయి. దీన్ని హాయిగా పెంచడానికి ఇది సరిపోతుంది. 200 లీటర్ల కంటే తక్కువైతే ఈ చేపను మర్చిపోండి. నీరు, ఇసుక, రాయి, గాజు అన్నీ కలిపితే బరువు 350 కిలోలు దాటుతుంది. అపార్ట్‌మెంటులో ఉంటే దూలానికి దగ్గరగా, గోడ వారగా పెట్టండి. బాల్కనీలో వద్దు.

కింద క్యాబినెట్‌లో ఉండే రెండో చిన్న తొట్టెను ఈ రంగంలో సంప్ అంటారు. మన ఇళ్లలో సంప్ అంటే నేలకింద మునిసిపాలిటీ నీళ్లు నింపుకునే తొట్టి కాబట్టి, ఇంట్లోవారితో మాట్లాడేటప్పుడు తికమక తప్పదు. నురగతో నీటిలోని మలినాలను లాగేసే స్కిమ్మర్, హీటరు, నీటిని తిరిగి పైకి పంపే రిటర్న్ పంపు అన్నీ అందులో దాచుకోవచ్చు. పైతొట్టెలో నీటిని కదిలించే చిన్న పంపులు, అంటే వేవ్‌మేకర్లు, ఒకటి రెండు ఉంటే చాలు. ఎదురీదే అలవాటున్న చేప కాబట్టి ప్రవాహం బాగానే ఉండాలి, కానీ అది ఇసుకను తవ్వేసేలా అడుగువైపు కొట్టకూడదు.

రాళ్లను ఇసుక మీద పేర్చకండి. ముందు తొట్టె అడుగున రాళ్లను కదలకుండా కూర్చి, ఆ తరువాత చుట్టూ ఇసుక పోయండి. ఈ చేప రాళ్ల కిందికి తవ్వుకుంటూ వెళ్తుంది. ఇసుక మీద నిలబెట్టిన రాయి ఒక రాత్రి దాని మీదే కూలవచ్చు.

రాళ్ల విషయంలో చట్టం మాట కూడా చెప్పాలి. మన దేశంలో పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. మన్నార్ సింధుశాఖ నుంచో అండమాన్ నుంచో తెచ్చామని చెప్పి అమ్మే పగడపు రాయి, బతికిందైనా చచ్చిందైనా, కొనడం నేరం. సిమెంటుతోనో పింగాణీతోనో చేసిన కృత్రిమ రాళ్లు దొరుకుతున్నాయి. కొన్ని నెలలు గడిస్తే వాటి మీద గులాబీ రంగు ఆల్గే పట్టి అసలు రాయిలాగే కనిపిస్తాయి.

ఇసుక: ఈ చేపకు పడకగది

ఇక్కడ తొందరపడవద్దు. రాస్ పెంపకంలో సగం విద్య ఈ ఇసుకలోనే ఉంది.

సముద్రంలో చీకటి పడగానే ఈల్ చేపలు, ఇతర రాత్రి వేటగాళ్లు బయటికి వస్తాయి. పగలు మెరిసిపోయే రంగు చేపకు అప్పుడు దాక్కోవడం ఒక్కటే దారి. మెలనూరస్ తల ముందుపెట్టి ఇసుకలోకి దూసుకుపోయి, ఒంటిని రెండు మూడుసార్లు అల్లాడించి పూర్తిగా కప్పుకుంటుంది. తెల్లవారే వరకు బయటికి రాదు. పగలు బెదిరినా అదే పని చేస్తుంది. అడుగున ఇసుక లేకపోతే గాజుకే ముక్కు కొట్టుకుంటుంది. మూతి, దవడ, పక్కలు గీరుకుపోతాయి, ఆ పుండ్లలో సూక్ష్మజీవులు చేరతాయి. చాలాసార్లు చేపను చంపేది ఆ పుండే. మనం నీటిని నిందిస్తాం.

లోతు కనీసం 5 సెంటీమీటర్లు ఉండాలి, 7 ఉంటే మేలు. తొట్టె మొత్తం అంత లోతు పోయడం ఇష్టం లేకపోతే, ఒక మూల 30 సెంటీమీటర్ల మేర లోతుగా పోసి మిగతాచోట పలుచగా ఉంచవచ్చు. అది ఆ మూలనే తన చోటుగా ఎంచుకుంటుంది. రేణువు అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు మధ్య, గుండ్రంగా ఉన్న అరగొనైట్ ఇసుక కావాలి. చేతిలోకి తీసుకుని వేళ్ల మధ్య రుద్ది చూడండి. బొంబాయి రవ్వలా జారాలి, గాజుపెంకుల్లా గుచ్చుకోకూడదు. పగడపు ముక్కలు నూరిన మొరుసు పనికిరాదు.

గోదావరి ఇసుక వాడవచ్చా అని చాలామంది అడుగుతారు. ఇల్లు కట్టడానికి అంతకు మించింది లేదు, రాస్ పడకకు మాత్రం వద్దు. అంచులు పదునుగా ఉంటాయి, అందులో ఏమేమి కలిసిందో చెప్పలేం. అరగొనైట్ సున్నపు జాతి కాబట్టి ఉప్పునీటి గుణానికి సరిపోతుంది.

పోసే ముందు బకెట్‌లో వేసి, తెల్లని పాలలాంటి మడ్డి తగ్గేవరకు కడగండి. ఆరేడుసార్లు పడుతుంది. బద్ధకించి మూడుసార్లతో ఆపితే తొట్టె వారం రోజులు మజ్జిగలా ఉంటుంది. నా అనుభవమే ఇది.

మూత

రాస్‌లు ఎగురుతాయి. ఎప్పుడో ఒకసారి కాదు, తప్పకుండా ఎగురుతాయి. రాత్రి గదిలో లైటు ఒక్కసారిగా వేసినా, మరో చేప తరిమినా, కొత్తచోట బెదిరినా నీళ్లలోంచి బాణంలా లేస్తాయి. 6 సెంటీమీటర్ల పిల్ల చేప వేలు పట్టే సందులోంచి కూడా జారిపోగలదు.

గాజు మూత పెడితే వేడి బయటికి పోదు, గాలి మార్పిడి తగ్గుతుంది. మన ఎండలకు అది పనికిరాదు. చట్రానికి బిగించిన వల మూత మంచిది. గడి 6 మిల్లీమీటర్లు మించకూడదు. రీఫ్ ట్యాంకుల కోసమే అమ్మే పారదర్శకమైన వల దొరికితే వెలుతురును అడ్డుకోదు. దొరకకపోతే కిటికీలకు వేసే నైలాన్ దోమల వల చాలు, కొంచెం వెలుతురు తగ్గుతుంది అంతే. ఇనుప, అల్యూమినియం వలలు వద్దు, ఉప్పు ఆవిరికి తినేసి లోహం నీళ్లలో కలుస్తుంది.

చట్రం బిగించాక సాయంత్రం పూట ఒక టార్చి పట్టుకుని తొట్టె చుట్టూ తిరగండి. వైర్లు దిగేచోట, పైపు వంగేచోట, నీరు కింది సంప్‌లోకి దిగే ఓవర్‌ఫ్లో పెట్టె మీద వెలుతురు బయటికి కనిపించే ప్రతి సందునూ స్పాంజి ముక్కతో మూయండి. నా మొదటి చేప ఖరీదు పెట్టి నేర్చుకున్న పాఠం ఇది.

నీరు, వేడి, కరెంటు

విశాఖలోనో కాకినాడలోనో ఉండేవారికి సముద్రపు నీరే తెచ్చుకుంటే పోలా అనిపిస్తుంది. తీరం దగ్గరి నీటిలో మురుగు, నూనె కలుస్తాయి. పైగా గోదావరి, కృష్ణ వరదల కాలంలో బంగాళాఖాతం పైనీటిలో ఉప్పదనం తగ్గిపోతుంది. ప్యాకెట్‌లో వచ్చే సాల్ట్ మిక్స్ వాడండి. లీటరుకు సుమారు 36 నుంచి 40 గ్రాములు పడుతుంది. వంట ఉప్పులో కాల్షియం, మెగ్నీషియం తగినంత ఉండవు, అది ఎందుకూ కొరగాదు.

ఇంటి ఆర్వో నీటిలో ఇంకా కొంత టీడీఎస్, అంటే కరిగిన లవణాలు మిగులుతాయి. బోరు నీళ్ల ఇళ్లలో మరీ ఎక్కువ. ఆర్వో చివర, ఆ మిగిలిన లవణాలను పట్టేసే డీఐ రెసిన్ గొట్టం ఒకటి తగిలిస్తే టీడీఎస్ సున్నాకు వస్తుంది. అక్వేరియానికి ఆ నీరే కావాలి.

నీటి గుణాలు ఇలా ఉండాలి. ఉప్పదనాన్ని తెలిపే విశిష్ట సాంద్రత 1.025 నుంచి 1.026, ఉష్ణోగ్రత 24 నుంచి 27 డిగ్రీల సెల్సియస్, పీహెచ్ 8.1 నుంచి 8.4. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా. నైట్రేట్ 20 పీపీఎం (పది లక్షల వంతుల్లో 20) దాటకపోతే చేపకు ఇబ్బంది లేదు. తొట్టెలో పగడాలు కూడా ఉంటే క్షారత 8 నుంచి 9 డీకేహెచ్, కాల్షియం 400 నుంచి 450 పీపీఎం మధ్య ఉంచండి. ఈ అంకెల్లో ఏదో ఒకటి కొంచెం అటూఇటూ అయినా కంగారు వద్దు. ఒక్కరోజులో మారడమే ప్రమాదం.

కొత్త తొట్టెలో అమ్మోనియాను నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా స్థిరపడటానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. ఆ తరువాత కూడా రాస్ కోసం మరో రెండు నెలలు ఆగమంటాను. ఈలోగా రాళ్లలో, ఇసుకలో కంటికి కనిపించీ కనిపించని చిన్న పురుగులు, కోపిపాడ్‌లు పెరుగుతాయి. కొత్తచోట మేత ముట్టని మొదటి రోజుల్లో చేపను ఆదుకునేవి అవే.

మన దగ్గర అసలు పరీక్ష ఏప్రిల్, మే నెలలు. తొట్టె నీరు 30 డిగ్రీలు దాటితే అందులో కరిగి ఉండే ఆక్సిజన్ తగ్గుతుంది, చేపకు మాత్రం ఎక్కువ ఆక్సిజన్ కావాల్సి వస్తుంది. నీటి మీదుగా చిన్న ఫ్యాన్ తిప్పితే ఆవిరి వల్ల రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. హైదరాబాద్, కర్నూలు లాంటి పొడి ఎండలున్న ఊళ్లలో ఈ ఉపాయం బాగా పనిచేస్తుంది. విశాఖలోనో నెల్లూరులోనో గాలిలోనే తేమ ఎక్కువ కాబట్టి ఫ్యాన్ పెద్దగా సాయపడదు, చిల్లర్ కొనక తప్పదు. ఆవిరైన నీటి స్థానంలో ఉప్పు కలపని ఆ ఆర్వో, డీఐ నీరే పోయాలి, ఉప్పునీరు కాదు. ఉప్పు ఆవిరైపోదు కదా.

కరెంటు పోయినప్పుడు చిల్లర్ గురించి కంగారుపడకండి. ముందు కావలసింది నీటి కదలిక. ఒక్క వేవ్‌మేకర్‌ను ఇన్వర్టరుకు కలిపి ఉంచండి. బ్యాటరీతో నడిచే చిన్న గాలి పంపు ఒకటి సొరుగులో ఉండాలి.

మరో మాట, ఇది పుస్తకాల్లో అంతగా కనిపించదు. దోమల మందులు, బొద్దింకల స్ప్రేలలో వాడే పైరెత్రాయిడ్ రసాయనాలు చేపలకు, రొయ్యలకు తీవ్రమైన విషం. స్కిమ్మర్, గాలి పంపు గదిలోని గాలినే పీల్చి నీళ్లలోకి పంపుతాయి. తొట్టె ఉన్న గదిలో కాయిల్, స్ప్రే వాడవద్దు. సాంబ్రాణి పొగ కూడా పక్క గదిలోనే. మా ఇంట్లో దేవుడి గది, అక్వేరియం ఎదురెదురు గోడల మీద ఉండేవి. చివరికి అక్వేరియమే జరిగింది.

చేపను ఎంచుకోవడం

పూర్తి రంగులున్న పెద్ద మగ చేప మీదికే చూపు పోతుంది. కొనవలసింది మాత్రం 5 నుంచి 7 సెంటీమీటర్ల ఆడ చేపను. ఆడ, పిల్ల చేపలకు సన్నని అడ్డచారలు, వీపు రెక్క మీద కన్నులాంటి నల్లచుక్కలు ఉంటాయి. చూడటానికి సాదాగా ఉంటాయి, కానీ కొత్తచోటికి త్వరగా అలవాటు పడతాయి. రంగుల కోసం బెంగ వద్దు. చాలా రాస్‌లు ఆడవిగా పెరిగి తరువాత మగవిగా మారగల చేపలు. తొట్టెలో తనపై పెత్తనం చేసే మగ చేప లేకపోతే కొన్ని నెలల్లో చుక్కలు చెరిగిపోయి, ముఖం మీద మెలికలు తేలి, ఒళ్లంతా రంగెక్కుతుంది. ఆ మార్పును కళ్లారా చూడటం కొన్న రంగును చూడటం కంటే బాగుంటుంది.

దుకాణంలో మూడు చూడండి. ఒకటి, అది తింటోందా? మీ ఎదుటే మేత వేయమని అడగండి. వేయనంటే కొనవద్దు. రెండు, మూతి. సంచిలో, ఇసుక లేని తొట్టెలో కొట్టుకుని మూతి చిట్లిన చేప తిండి తినలేదు. మూడు, పొట్ట. పక్కనుంచి చూస్తే పొట్ట లోపలికి పీక్కుపోయి ఉంటే ఎన్నో రోజులుగా పస్తున్నట్టు. తల కిందికో పైకో పెట్టి కష్టపడి ఈదుతున్నా, మొప్పలు దడదడా కొట్టుకుంటున్నా వదిలేయండి.

ఎక్కడి నుంచి వచ్చిందో కూడా అడగండి. ఇది మన సముద్రాల చేప కాదు, చాలావరకు ఆగ్నేయాసియా నుంచి విమానంలో వస్తుంది. ఇండోనేషియా, ఫిలిప్పీన్స్ దేశాల్లో సైనైడ్ చల్లి చేపలను మత్తెక్కించి పట్టే దుర్మార్గపు పద్ధతి ఏళ్లుగా ఉంది. అలా పట్టిన చేప పైకి బాగానే ఉండి కొన్ని వారాలకు చచ్చిపోవచ్చు. అందుకే దుకాణంలో రెండు వారాలు నిలిచిన చేపను కొనండి. అడ్వాన్సు ఇచ్చి అక్కడే ఉంచమంటే చాలామంది దుకాణదారులు ఒప్పుకుంటారు.

క్వారంటైన్

కొత్త చేపను నేరుగా పెద్ద తొట్టెలో వేసి బాగుపడినవారూ ఉన్నారు. హెల్మెట్ లేకుండా ఇల్లు చేరినవారూ ఉన్నారు. 40 నుంచి 60 లీటర్ల మామూలు తొట్టె, స్పాంజి ఫిల్టరు, హీటరు, ఒక వల మూత ఉంటే నాలుగు వారాల క్వారంటైన్ నడుస్తుంది.

ఇక్కడే ఇసుక రాస్‌తో చిక్కు. క్వారంటైన్ తొట్టెల్లో ఇసుక వేయరు, శుభ్రం చేయడం కష్టం కనుక. ఈ చేపకు ఇసుక లేకపోతే నిద్ర లేదు. ఐస్‌క్రీమ్ ప్లాస్టిక్ డబ్బాలో 6 సెంటీమీటర్ల ఇసుక పోసి ఒక మూలన పెట్టండి. మొదటి రోజే కనిపెట్టి అందులో పడుకుంటుంది. రాగి మందు వాడవలసి రావచ్చనుకుంటే డబ్బాలో అరగొనైట్ బదులు నునుపైన సిలికా ఇసుక పోయండి. సున్నపు ఇసుక రాగిని పీల్చుకుని మందు మోతాదును తారుమారు చేస్తుంది.

మొదటి వారం మందులేవీ వద్దు, తినడం నేర్పండి. రెండో వారం మొప్పల పురుగుల కోసం ప్రాజిక్వాంటెల్ వేయవచ్చు, ప్యాకెట్ మీది మోతాదు దాటకుండా. గాలి పంపు ఆ రోజుల్లో ఆగకూడదు. ఒంటి మీద ఉప్పు రేణువుల్లాంటి తెల్లచుక్కలు కనిపిస్తే అది క్రిప్టోకారియాన్ పరాన్నజీవి. అప్పుడే రాగి మందు. మోతాదును రెండు మూడు రోజుల్లో మెల్లగా పెంచుతూ, టెస్ట్ కిట్‌తో రోజూ కొలుస్తూ వేయాలి. పెద్ద తొట్టెలో రాగి ఎప్పుడూ వేయకండి, పగడాలు, రొయ్యలు, నత్తలు చచ్చిపోతాయి. పెద్ద తొట్టెకే ఆ జబ్బు సోకితే చేపలన్నిటినీ బయటికి తీసి, కనీసం ఆరు వారాలు ఖాళీగా ఉంచాలి. జాగ్రత్తపరులు 76 రోజులు ఉంచుతారు.

వదలడం, మొదటి వారం

సంచిని అరగంట నీటిలో తేలనివ్వండి, ఉష్ణోగ్రత సమానమవుతుంది. చాలా గంటలు ప్రయాణించి వచ్చిన సంచిని తెరిచి గంటల తరబడి చుక్కచుక్క నీరు కలపడం మంచిది కాదు. మూసిన సంచిలో పీహెచ్ తగ్గి ఉంటుంది కాబట్టి అమ్మోనియా అంతగా హాని చేయదు. తెరవగానే పీహెచ్ పెరిగి అదే అమ్మోనియా విషమవుతుంది. అందుకని క్వారంటైన్ తొట్టె ఉప్పదనాన్ని ముందే దుకాణం నీటికి సరిపెట్టి, వేడి సమానం కాగానే చేపను గిన్నెతో ఎత్తి వదలండి. సంచి నీరు తొట్టెలో పోయకండి. ఉప్పదనాన్ని తరువాతి వారంలో మెల్లగా మార్చుకోవచ్చు. క్వారంటైన్ ముగిసి పెద్ద తొట్టెకు మార్చేటప్పుడు దీపాలు ఆర్పి, రెండు మూడు రోజులు రంధ్రాలున్న పారదర్శకమైన పెట్టెలో ఉంచి వదిలితే, పాత చేపలు దాన్ని చూసి చూసి అలవాటు పడతాయి.

వదలగానే అది ఇసుకలో మాయమైపోతుంది. ఇక్కడే అందరూ తప్పు చేస్తారు. ఒక రోజు, రెండు రోజులు, ఒక్కోసారి వారం దాకా కనిపించదు. చచ్చిపోయిందేమోనని చేయిపెట్టి వెతుకుతారు. వెతకవద్దు. తవ్విన ప్రతిసారీ దాని భయం మళ్లీ మొదటికి వస్తుంది. అనుమానం ఉంటే అమ్మోనియా పరీక్ష చేయండి, సున్నా ఉంటే ఊరుకోండి.

బయటికి రావడం మొదలుపెట్టాక కూడా మధ్యాహ్నం మూడు నాలుగింటికే పడుకోవడం చూస్తారు. దానికి జబ్బేమీ లేదు. అది ఇండోనేషియా నుంచి వచ్చిందనుకోండి, అక్కడి బాలి దీవి గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందుంటుంది. మనకు మూడున్నర అయితే అక్కడ ఆరు. దాని ఒంట్లోని గడియారం ఇంకా పాత ఊరి పొద్దునే చూస్తోంది. మీ దీపాలకు టైమరు పెట్టి రోజూ ఒకే వేళకు వెలిగించి ఆర్పితే కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. అలవాటు పడ్డాక కూడా దీపాలు ఆరడానికి అరగంట, గంట ముందే పడకేస్తుంది. తరువాత ఎంత బతిమాలినా లేవదు.

ఏ మూలన పడుకుంటుందో గమనించి గుర్తుపెట్టుకోండి. ఇసుక శుభ్రం చేసే సైఫన్ గొట్టాన్ని చేప బయట తిరుగుతున్నప్పుడే వాడాలి. రాత్రిపూట పొరపాటున కూడా ఇసుకలో చేయి, గొట్టం పెట్టకండి.

తిండి, వేట

ఎప్పుడూ ఏదో ఒకటి గిల్లుకుని తినే చేప ఇది. రోజుకు ఒకసారి బోలెడంత వేయడం కంటే మూడుసార్లు కొంచెం కొంచెం వేయడం మేలు. ఆఖరి పూట అది పడుకునే వేళకు ముందే పడాలి. మొదట్లో గడ్డకట్టించిన మైసిస్ రొయ్యలు, ఆర్టీమియా అనే ఉప్పునీటి బుల్లి రొయ్యలు వేయండి. అలవాటయ్యాక సముద్ర చేపల చిన్న గుళికలు తింటుంది. మార్కెట్‌లో తెచ్చిన పచ్చి రొయ్యను ఒలిచి, కడిగి, ఆవగింజంత ముక్కలుగా తరిగి వేస్తే పరుగెత్తుకొస్తుంది. ఆ రొయ్యకు పసుపు, ఉప్పు తగలకముందే దాని వాటా తీసిపెట్టాలన్న సంగతి వంటింట్లో చెప్పి ఉంచండి.

చాలామంది దీన్ని కొనేది రంగుల కోసం కాదు, వేట కోసం. రాళ్ల మీద ఎర్రగా పాకే ఫ్లాట్‌వార్మ్‌లనే చదును పురుగులను, ఆల్చిప్పల రసం పీల్చే పిరమిడెల్లా చిన్న నత్తలను, నూగు ముళ్లుండే చిన్న బ్రిసిల్ పురుగులను ఏరుకుని తింటుంది. అన్నీ తినే తీరుతుందని హామీ ఇవ్వలేను. నా దగ్గర ఒకటి ఫ్లాట్‌వార్మ్‌ల తివాచీని రెండు నెలల్లో తుడిచిపెట్టింది, మరొకటి వాటి పక్కనుంచే దర్జాగా వెళ్లిపోయేది.

ఆ వేటకు మీకు కావలసినవీ బలవుతాయి. బుల్లి సన్యాసి పీతలు, ఈకల పురుగులు, వేలిగోరంత నత్తలు, సన్నని రొయ్యలు దాని కంట పడితే మిగలవు. పెద్ద క్లీనర్ రొయ్యను ముందే తొట్టెలో కుదురుకోనిచ్చి తరువాత రాస్‌ను తెస్తే సాధారణంగా గొడవ ఉండదు.

ఇరుగుపొరుగు

క్లౌన్ చేపలతో ఇబ్బందే లేదు. మన దేశంలోనే కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ (సీఎంఎఫ్ఆర్ఐ) శాస్త్రవేత్తలు క్లౌన్ చేపలను హేచరీలో పుట్టించే పద్ధతులను అభివృద్ధి చేశారు. కాబట్టి సముద్రం నుంచి పట్టనివే అడిగి కొనండి. కార్డినల్ చేపలు, గోబీలు, బ్లెన్నీలు, ఫెయిరీ రాస్‌లు దీనితో సర్దుకుంటాయి. ఫైర్‌ఫిష్ లాంటి పిరికి చేపలను రాస్ కంటే ముందే తేవాలి. లయన్ ఫిష్, గ్రూపర్ జాతుల నోట్లో ఇది పడుతుంది.

రెండు మెలనూరస్ మగ చేపలను ఒకే తొట్టెలో పెట్టవద్దు. జంట కావాలంటే ఒకటి కొంచెం పెద్దది, ఒకటి బాగా చిన్నది తీసుకుని ఒకే రోజు వదలండి. పెద్దది మగగా మారుతుంది, చిన్నది ఆడగానే ఉండిపోతుంది.

నిర్వహణలో కొత్తదనమేమీ లేదు. వారానికి పదోవంతు నీరు మార్చడం, స్కిమ్మర్ గిన్నె కడగడం, రెండు వారాలకోసారి పరీక్షలు. నెలకోసారి ఆ టార్చి తీసుకుని మూత చుట్టూ మళ్లీ తిరగండి. వల ఒక మూల సడలి ఉంటుంది, పోయినసారి పంపు బాగుచేసినప్పుడు స్పాంజి ముక్క ఊడి ఉంటుంది.

ఊరెళ్లినప్పుడు

సంక్రాంతికి నాలుగు రోజులు ఊరెళ్తే మేత వేయడం పక్కింటివారికి అప్పగించాలి. డబ్బా ఇచ్చి వెళ్తే ప్రేమకొద్దీ గుప్పెడు వేసేస్తారు, నీరు పాడవుతుంది. పూట పూటకూ విడివిడిగా పొట్లాలు కట్టి, తేదీలు రాసి, మిగతా డబ్బా దాచేయండి. మా పక్కింటి పిన్నిగారికి నేను ఇచ్చే చీటీలో మూడే మాటలుంటాయి. పొట్లం సగం మిగిలినా ఫరవాలేదు. మేత వేశాక మూత పూర్తిగా మూసి, నాలుగు మూలలూ నొక్కండి. సాయంత్రం ఆకుపచ్చ చేప కనిపించకపోతే నాకు ఫోను చేయవద్దు, అది పడుకుని ఉంటుంది.